సినిమాలో లేని మాట

పోయిన వారం షాలేం రాజును మనం లూసీ ఇంటి గుమ్మంలో వదిలేశాం. బూట్లు విప్పి లోపలికి వెళ్ళాలా, అటునించి అటే కారెక్కి వెళ్ళిపోవాలా అని తేల్చుకోలేక నిలబడి ఉన్నాడు పాపం. అమెరికాలో, నోవై ఊళ్ళో ఆ శనివారం పొద్దున ఎండ బాగానే కాసింది. పార్కింగ్ లాట్ మూలల్లో చలికాలమంతా నెట్టి పోసిన మంచు మాత్రం నల్లటి కుప్పలుగా ఇంకా కరుగుతూనే ఉంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. షాలేం రాజు కార్ల కంపెనీలో ఇంజనీరు. అది వారంలో ఐదు రోజుల సంగతి. ఆదివారం మాత్రం ఆయన తెలుగు క్రైస్తవ సంఘానికి నోరు. అమెరికన్ పాస్టర్ ఎవరొచ్చి ప్రసంగం చేసినా పక్కన నిలబడి వాక్యం వెంట వాక్యం తర్జుమా చేసేది ఆయనే. పదిహేనేళ్ళుగా ఆ మైకు ఇంకొకరి చేతికి పోలేదు. ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టలాదివారానికి ముందు రోజు మధ్యాహ్నం సంఘంవాళ్ళు, తాము అద్దెకుండే అమెరికన్ చర్చి హాల్లోనే, ఎల్లీ అనే పిల్ల కథతో వచ్చిన భక్తి సినిమా ఒకటి వేశారు. పిల్లల దగ్గరికి ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మలకూ నాన్నలకూ ఆ ఇంగ్లీషు అందదు. అందుకని ప్రసంగానికి నిలబడ్డట్టే షాలేం రాజు తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి సినిమా అంతా తెలుగులో చెప్పాడు.

ఆ సాయంత్రమే అదే సంఘంలోని సుందర్ రాజ్ తల్లి మార్తమ్మ తన బీపీ మాత్రలు మానేసింది. ఎవరికీ చెప్పలేదు. పదహారో రోజున పక్షవాతం కొట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయిపోయింది. ఆసుపత్రిలో కూడా నోట్లో మాత్ర పెట్టనివ్వడం లేదు. ఎందుకత్తయ్యా అని కోడలు లూసీ అడిగితే 'సినిమాలో చెప్పారు' అంటోంది. సినిమాలో అలా ఎవరు చెప్పారో తేల్చుకుందాం రమ్మని లూసీ ఫోన్ చేసింది. ఆ ఫోను అందుకునే ఈయన గుమ్మం దాకా వచ్చాడు.

"రండి అన్నయ్యగారూ," అంది లూసీ తలుపు తీసి. గొంతులో కోపం లేదు. అందుకే ఆయనకు భయమేసింది. లూసీ నర్సు. మంచి కబురు చెప్పినా చెడ్డ కబురు చెప్పినా ఆమెది ఒకటే గొంతు.

సుందర్ రాజ్ సోఫాలో ఒక మూలకు ఒదిగి కూర్చున్నాడు. నాలుగు రోజుల గడ్డం. "వందనాలన్నా," అన్నాడు లేవకుండానే. మామూలుగా అయితే లేచి గుమ్మం దాకా ఎదురొచ్చే మనిషి.

"వందనాలు తమ్ముడూ. అమ్మకెలా ఉంది?"

"నిన్న థెరపీలో పట్టుకుని రెండడుగులు వేయించారు. బానే వేసింది. టాబ్లెట్ దగ్గరికొచ్చేసరికే పళ్ళు బిగబట్టేస్తోంది."

"డాక్టర్ క్లియర్‌గా చెప్పేశాడు," అంది లూసీ. "ఇంజెక్షన్లతో ఎన్నాళ్ళని నడుపుతాం? బీపీ కంట్రోల్‌లోకి రాకపోతే ఇంకో స్ట్రోక్ తప్పదన్నాడు. ఈసారి వస్తే మనిషి దక్కదన్నాడు. మింగడానికి ప్రాబ్లం లేదని టెస్టులో తేలింది. ఆమె తెలివిలో ఉంది, వద్దంటోంది, కాబట్టి ఫోర్స్ చేయకూడదు. ఇక్కడ రూల్ అంతే. నా డ్యూటీలో నేను రోజూ పాటించే రూలే అది. మా అత్తయ్య దగ్గరికొచ్చేసరికి అదెంత కష్టమో తెలిసొచ్చింది."

"నేనొచ్చి ప్రార్థన చేస్తానమ్మా," అన్నాడు షాలేం రాజు. నోటికి అలవాటైన మాట అదే మరి.

"చేద్దురుగాని. ముందు ఇది చూడండి."

టీవీలో డీవీడీ పెట్టి సిద్ధంగా ఆపి ఉంచింది. చేతిలో మొగుడి ఫోన్. సంఘంలో జరిగే ప్రతి కూడికనూ రికార్డు చేసి వెబ్‌సైట్‌లో పెట్టే పని సుందర్ రాజ్‌ది. ఆ రోజు మైకులో షాలేం రాజు చెప్పిన తర్జుమా మొదటినుంచి చివరిదాకా ఆ ఫోన్‌లో ఉంది.

ఆ సినిమా గురించి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. నెబ్రాస్కాలో ఎక్కడో ఓ చిన్న ఊరు. తల్లీ తండ్రీ లేని ఎల్లీని రూత్ అనే నాయనమ్మ పెంచుతూ ఉంటుంది. పిల్లకు గుండె జబ్బు. దేవుడి మాటెత్తితే విసుక్కునే డాక్టరొకడు ఉంటాడు. ఆఖర్న పిల్ల లేచి గడ్డిలో పరిగెడుతుంది, డాక్టరొచ్చి చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుంటాడు. అంతే కథ. ముందు రోజు శుక్రవారం అమెరికన్ చర్చివాళ్ళు అదే హాల్లో తమకోసం వేసుకున్నారు. వరసకొక టిష్యూ డబ్బా పెట్టారట. అందరూ చప్పుడు లేకుండా ఏడ్చి, చప్పుడు లేకుండా ముక్కులు తుడుచుకుని, బయటికొచ్చి కాఫీ తాగుతూ 'ఇలాంటి సినిమాలు ఇంకా తియ్యాలి' అనుకుని ఇళ్ళకు పోయారట. మనవాళ్ళకు చప్పుడు లేకుండా ఏడవడం ఎక్కడ చేతనవును? డాక్టరు మొదటిసారి తల దించుకోగానే 'స్తోత్రం' అన్నారు. రూత్ మోకరిస్తే ముందు వరసలోని అమ్మమ్మలు తామూ కుర్చీలు వెనక్కి జరిపి మోకరించారు. వెనక కూర్చున్న కాలేజీ పిల్లలు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వారు.

షాలేం రాజుకు మాత్రం ఆ సినిమా ప్రాణం లేచొచ్చినంత పని చేసింది. ఈ దేశమొచ్చిన ఇన్నేళ్ళలో ఇంట్లో ఇంగ్లీషు సినిమా పెడితే రిమోట్ చేతిలో పట్టుకునే చూశాడు, ఏ క్షణాన ఏ సీను వచ్చి నెత్తిన పడుతుందోనని. భార్యనూ కూతుర్నీ పక్కన పెట్టుకుని నిబ్బరంగా చూడదగ్గ హాలీవుడ్ బొమ్మ ఒకటి దొరికిందని పొంగిపోయాడు. ఆ పొంగులో ఇంటికొస్తూ కార్‌లో "ఎలా ఉందే?" అని కూతుర్ని అడిగాడు.

పర్సిస్ యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది. "హానెస్ట్‌గా చెప్పనా డాడీ? సో చీజీ. అంతా ఓవర్ సెంటిమెంట్. టూ అవర్స్‌లో అందరూ ఫిక్స్ అయిపోతారు. రియల్ లైఫ్‌లో అలా అవ్వదు కదా," అంది. కాస్త ఆగి, "నువ్వు చెప్పావ్, అది అంతా మూవీలో లేదు. నువ్వు చాలా యాడ్ చేశావ్," అంది.

"విశ్వాసం లేనివాళ్ళకి అన్నీ చీజీగానే కనపడతాయి," అని కసిరాడు. ఆ పిల్ల ఇంటికెళ్ళి గది తలుపేసుకుంది. ఉన్నమాటే అంది ఆ పిల్ల. ఉన్నమాటంటే ఉలుకెక్కువ గదా.

"నలభై రెండో నిమిషం," అని లూసీ ఒక చేత్తో రిమోట్, రెండో చేత్తో ఫోన్ ఒకేసారి నొక్కింది.

తెర మీద రూత్ వంటింట్లో బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా మనవరాలి మందు సీసాలు వరసగా ఉన్నాయి. వాటికేసి చూసి చూసి, ఒక్కసారి చేత్తో అన్నిటినీ నేలకు ఊడ్చేసింది. మాత్రలు గదంతా దొర్లాయి. ఆమె ముఖం రెండు చేతుల్లో దాచుకుని ఇంగ్లీషులో రెండు ముక్కలంది. ప్రభువా, అలిసిపోయాను. నిన్ను ఇంకెలా అడగాలో తెలియడం లేదు. అంతే అంది.

ఫోన్‌లోంచి షాలేం రాజుకు తన గొంతే వినిపించింది, మైకులో మోగుతూ, చివర్లో వణుకుతూ. "ప్రభువా, ఇక ఈ మాత్రలను నమ్ముకోను. నా వైద్యుడవు నీవే. నా ఔషధం నీవే." దాని వెనకే హాలు హాలంతా 'ఆమెన్' అన్న హోరు.

లూసీ రెండూ ఆపింది. "ఈ మాట సినిమాలో ఎక్కడుందన్నయ్యగారూ?"

"అంటే... ఆమె మనసులో ఉన్నది అదే కదమ్మా. మందులు విసిరికొట్టింది కదా. ఆ భావం జనానికి అందాలని..."

"విసిరికొట్టింది. ఆ తర్వాత?"

"తర్వాత ప్రార్థన చేశాం."

"మనం చేశాం. రూత్ ఏం చేసింది?"

అది ఆయనకు నిజంగానే తెలియదు. అమెరికన్ పాస్టర్ గారు వారం ముందే డీవీడీ చేతిలో పెట్టి, ఒకసారి చూసుకో రాజూ అన్నాడు. చూడలేదు. ప్రసంగాన్ని ముందే చదువుకుంటే ఆత్మ నడిపింపు ఉండదని చెప్పుకు తిరిగే మనిషి, సినిమాకూ అదే లెక్క పెట్టుకున్నాడు. అప్పటికప్పుడు నిలబడి చెప్పడంలోనే తన గొప్పంతా ఉందనుకున్నాడు.

లూసీ మళ్ళీ నొక్కింది. ఫోన్‌లో గొంతు అంది: "ప్రియులారా, ఈ క్షణాన అందరం కళ్ళు మూసుకుందాం. ఎవరూ తెరవైపు చూడవద్దు. ప్రభువువైపు చూడండి."

తెర మీద మాటల్లేవు. రూత్ కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత మెల్లగా కుర్చీ దిగి నేలమీద మోకాళ్ళూని, దొర్లిపోయిన మాత్రలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. ఫోన్‌లో షాలేం రాజు, "మా ఆధారాలన్నీ నీ పాదాల దగ్గర పారవేస్తున్నాం తండ్రీ," అంటున్నాడు. రూత్ ఒక మాత్రను కొంగుతో, అదే, నడుముకు కట్టుకున్న వంటగుడ్డతో తుడిచి సీసాలో వేసింది. "మనుషుల మీదా మందుల మీదా ఆనుకోము దేవా." ఫ్రిజ్ కిందికి పోయినదాన్ని చీపురు కర్ర పెట్టి లాగింది. "ఇప్పుడే, ఈ ఘడియలోనే." గ్లాసుతో నీళ్ళు పట్టుకుని పిల్ల గదిలోకెళ్ళి, మెడ కింద చెయ్యి పెట్టి లేపి, మాత్ర నోట్లో వేసి, నీళ్ళు తాగించింది. పిల్ల చేదుకు ముఖం చిట్లించింది. నాయనమ్మ ఆ నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఫోన్‌లో 'ఆమెన్' అన్నారు అందరూ. తెర మీద సీను మారిపోయింది.

మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ ఆ హాల్లో నూట ఇరవైమంది కళ్ళు మూసుకునే ఉన్నారు. పక్కన మైకు పట్టుకున్నవాడు అందరికన్నా గట్టిగా మూసుకున్నాడు.

షాలేం రాజు ఒళ్ళంతా సిగ్గుతో కాగిపోయింది. ఆ సినిమావాళ్ళు అడ్డదిడ్డంగా తీసినా, చీజీగా తీసినా, ఆ ఒక్క సంగతి మాత్రం నిజాయితీగా చూపించారు. ఆ సంగతినే తను నూట ఇరవైమంది కళ్ళకు గంతలు కట్టి దాచేశాడు.

"నేను కూడా మూసుకున్నాను," అంది లూసీ. "నర్సునై ఉండి. నాకు ఆ సీను ఉందనే తెలీదు. మొన్న ఒక్కదాన్నే కూర్చుని చూశాక తెలిసింది. అందుకే మీ ఒక్కరి మీదే కోపం తెచ్చుకోలేకపోతున్నాను."

తిట్టినా ఆ మాటంత గుచ్చుకునేది కాదు.

ఈ కలపడమనే జబ్బు ఎప్పుడు పట్టుకుందో ఆయనకు బాగా గుర్తే. సంఘం పెట్టిన కొత్తలో ఒక ముసలి మిషనరీ వచ్చాడు. మంచివాడే. ప్రసంగం మాత్రం చప్పిడి పత్యం. జనం ఆవలిస్తున్నారు. దేవుడు మంచివాడు అని ఆయన ఒక్క ముక్కంటే, షాలేం రాజు జాలిపడి దానికి నాలుగు ముక్కలు జోడించాడు. బైబిల్లోంచి ఎర్ర సముద్రాన్ని తెచ్చాడు, విధవరాలి నూనెకుండను తెచ్చాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. కూటమయ్యాక పెద్దలు చేతులు పట్టుకుని, "ఆయన ప్రసంగం కన్నా మీ తర్జుమా బాగుందండీ," అన్నారు. మిషనరీ కూడా మురిసిపోయి, తెలుగు భాష చాలా పొడుగన్నమాట అన్నాడు. ఆ రోజు ఎవరైనా ఒక్కరు, తప్పు కదా రాజుగారూ అని ఉంటే ఎంత బాగుండేది. ఒక్కరూ అనలేదు. పదిహేనేళ్ళకు కన్నకూతురు ఆ మాటంటే విశ్వాసం లేనిదానివని నోరు మూయించాడు.

"ఇప్పుడు నన్నేం చేయమంటావమ్మా?" అన్నాడు.

"ఆసుపత్రికొచ్చి అత్తయ్యకు ఉన్నది చెప్పండి. ఆ మాట సినిమాది కాదు, నాది అని చెప్పండి."

"వద్దన్నా." సుందర్ రాజ్ అప్పటిదాకా దించిన తల ఎత్తాడు. "నిజం చెప్పొద్దు. అమ్మ తట్టుకోలేదు. మీరంటే అమ్మకు ఎంత గురో మీకు తెలుసు. నరసాపురంలో ఉన్నప్పుడు కూడా వెబ్‌సైట్‌లో మీరు తర్జుమా చేసిన మెసేజ్‌లే విని పడుకునేది. అన్నా, ఒక్క మాట చాలు. ప్రభువు నాతో మాట్లాడాడు, మార్తమ్మను మాత్రలు వేసుకోమన్నాడు అని చెప్పండి. ఆ నిమిషంలోనే వేసేసుకుంటుంది."

"అంటే ఇంకో మాట కలపమంటున్నావు," అంది లూసీ.

"మంచికే కదా."

"మొదటిది కూడా మంచికే కలిపారు. వచ్చే నెల ఇంకెవరో వచ్చి ఇంకో మాట చెబుతారు. అప్పుడు మళ్ళీ మానేస్తుంది. ఆమె ఎవరి మాట మీద బతకాలి?"

"ముందు బతకనీ లూసీ. తర్వాత చూద్దాం," అన్నాడు సుందర్ రాజ్. "అమ్మ కదా."

ఇద్దరిలో ఎవరూ తప్పు మాట్లాడలేదు. అదే షాలేం రాజుకు ఊపిరాడకుండా చేసింది. నిజం చెబితే ఆ తల్లి గుండె పగిలి, మాత్రలే కాదు, అన్నమే మానేయవచ్చు. కలిపి చెబితే ఇవాళే మాత్ర వేసుకుంటుంది. కలపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఆసుపత్రికి డ్రైవ్ చేస్తుంటేనే ఆ వాక్యం తనంతట తనే తయారైపోయింది. నా కుమార్తె మార్తా, వైద్యులను కూడా నేనే సృజించితిని. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా తెలిసిపోయింది. అంత సులువుగా వచ్చినందుకే తనమీద తనకు రోత పుట్టింది.

మార్తమ్మ కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. తెల్లజుట్టును లూసీ పొద్దునే వచ్చి జడ వేసి వెళ్ళినట్టుంది. షాలేం రాజును చూడగానే ముఖంలో బాగున్న సగం వెలిగింది. కుడి చెయ్యి లేవలేదు. ఎడమ చెయ్యొక్కటే నుదుటి దాకా ఎత్తి, "వం...దనాలు... బాబూ," అంది.

"వందనాలమ్మా." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లూసీ మంచం అవతల నిలబడింది. సుందర్ రాజ్ గోడకు చేరబడ్డాడు. డ్యూటీ నర్సు చిన్న కాగితం కప్పులో మాత్ర తెచ్చి బల్ల మీద పెట్టి, లూసీకేసి చూసి పక్కకు తప్పుకుంది. మార్తమ్మ ఆ కప్పుకేసి చూసి పెదాలు గట్టిగా మూసింది.

"మార్తమ్మగారూ, మీతో ఒక మాట చెప్పాలని వచ్చాను," అన్నాడు. "ప్రభువు..."

ప్రభువు అన్న మాట చెవిన పడగానే ఆమె కళ్ళు మూసుకుంది. తల కొంచెం వంచి, ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుంది. ఆయన ఏమిస్తే అది తీసుకోవడానికి సిద్ధంగా ఉంది. తయారుచేసుకున్న వాక్యం షాలేం రాజు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మూసుకున్న కళ్ళు చూశాక ఇక బయటికి రాలేదు.

"కళ్ళు తెరవండమ్మా," అన్నాడు. "నాకేసి చూడండి. మాత్రలను నమ్ముకోనని సినిమాలో ఎవరూ అనలేదు. ఆ నాయనమ్మ అనలేదు. ఆ మాట నేను కలిపాను. జనం ఆమెన్ అంటారని కలిపాను."

ఆమె చూస్తోంది. అర్థమైందో లేదో తెలియలేదు.

"ఆమె మాత్రలు పారేసిన మాట నిజమే. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని అన్నీ ఏరుకుంది. ఏరి మనవరాలికి వేసింది. మిమ్మల్నందర్నీ కళ్ళు మూసుకోమని అది చూడనివ్వకుండా చేసింది నేనే. తప్పు చేశాను తల్లీ. మీ చెయ్యీ కాలూ ఇలా అయ్యాయంటే నా నోటి వల్లే." మంచం కమ్మీ పట్టుకుని తల వంచుకున్నాడు. యాభై మూడేళ్ళ మనిషి అలా ఏడవడం సుందర్ రాజ్ ఎప్పుడూ చూడలేదు.

మార్తమ్మ కిటికీవైపు తిరిగింది. తర్వాత ఎడమ చెయ్యి చాపి కాగితం కప్పులోంచి మాత్ర తీసుకుంది. లూసీ గబుక్కున నీళ్ళ గ్లాసు అందుకుంది. సుందర్ రాజ్ గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు. మాత్ర ఆమె పెదాల దాకా వెళ్ళింది.

అక్కడే ఆగింది.

"మరి... జోయేలు?" అంది.

షాలేం రాజు తల ఎత్తాడు. జోయేలు ఆమె చిన్నకొడుకు. తండ్రితో గొడవపడి విశాఖపట్నం పోయి, ఏదో ఓడలో పని దొరికిందని ఒకసారి ఫోన్ చేశాడు. తొమ్మిదేళ్ళయింది, మళ్ళీ కబురు లేదు. మూడేళ్ళ కిందట ఆమె మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు, కూటం అయ్యాక ఒక అమెరికన్ పాస్టర్ ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. పక్కన నిలబడి తర్జుమా చేసింది షాలేం రాజే. నీ కొడుకు తిరిగి వస్తాడు అని తెలుగులో చెప్పాడు. ఆ మాట పట్టుకునే ఆమె ఈ మూడేళ్ళూ బతికింది. వాడు ఫోన్ చేస్తే కలవాలని నరసాపురం నంబరు మార్చలేదు. ఇప్పుడు కూడా ఆ నంబరున్న పాత ఫోన్ ఆమె దిండు కిందే ఉంది.

"అదీ... నువ్వేనా... బాబూ?"

సుందర్ రాజ్ కళ్ళు విప్పార్చుకుని ఆయనకేసి చూస్తున్నాడు. తమ్ముడు వస్తాడన్న మాట మీద బతికింది తల్లి ఒక్కతే కాదు.

ఆ రోజు పాస్టర్ అన్న ఇంగ్లీషు ముక్క షాలేం రాజుకు నిన్న విన్నట్టే గుర్తుంది. నీ కొడుకు ఎక్కడున్నాడో దేవునికి తెలుసు. అంతే అన్నాడాయన. వస్తాడని అనలేదు.

మంచం అవతలనుంచి లూసీ ఆయనకేసి చూసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పి తీరాలన్న లూసీయే, ఇప్పుడు వద్దన్నట్టు, ముందు ఆమెను ఆ మాత్ర మింగనివ్వమన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"మార్తమ్మగారూ," అన్నాడు షాలేం రాజు, "ఆ రోజు పాస్టర్‌గారు అన్న మాట వేరు."

మాత్ర ఆమె వేళ్ళ సందునుంచి దుప్పటి మీదికి జారిపడింది.